కొబ్బరి తోటలో వెడీలియా వేయొచ్చా? పొట్టిగా పాకితే చాలా?

లంక తోట:
మాది అమలాపురం పక్కన రెండెకరాల కొబ్బరి. పాతికేళ్లు దాటిన చెట్లు, మధ్యలో నేలంతా తుంగ, గరిక. కూలి పెట్టి చెక్కించడం తలకు మించిన ఖర్చవుతోంది. మొక్కలమ్మే ఆయన ఒకరు "గ్రౌండ్ కవర్ వేసేయండి, పెద్దగా ఎత్తు పెరగదు, కలుపు బెడద ఉండదు" అని వెడీలియా చూపించారు, అదే పసుపుపచ్చ పూల తీగ. వేసినవాళ్లుంటే చెప్పండి.

కడియం దగ్గర:
నిక్షేపంగా వేయండి. మా ఇంటి ముందు గట్టు వానకి కోసుకుపోయేది, ఇది అల్లుకున్నాక మట్టి కదల్లేదు. పెద్దగా నీళ్లు పెట్టక్కర్లేదు, కాస్త నీడలోనూ పూస్తుంది. పొట్టిగా ఉండి నేలంతా కప్పేదాన్నే కదండీ గ్రౌండ్ కవర్ అంటారు?

కాలవ శివారు రైతు:
దయచేసి తోటలో వేయకండి. పొట్టిగా ఉన్నదల్లా గ్రౌండ్ కవర్ అయిపోదండి. నేల మీద ఎండ పడకుండా, కలుపు మొలవకుండా, వానకి మట్టి కొట్టుకుపోకుండా ఒత్తుగా అల్లుకోవాలి, అలా అల్లుకుంటే మోకాలెత్తు ఉన్నా గ్రౌండ్ కవరే. వెడీలియా ఆ పని చేస్తుంది, కాదనను. గొడవల్లా అది ఆగకపోవడమే. ఒక తీగ లాగి చూడండి, నేల తగిలిన ప్రతి కణుపు దగ్గరా వేర్లు దిగి ఉంటాయి, మధ్యలో తెగిందా, మట్టిలో మిగిలిన కణుపు మళ్లీ మొక్కయి లేస్తుంది. విత్తనంతో దీనికి పెద్ద పని లేదు, ముక్కలతోనే పాకుతుంది. అమెరికా ఖండాల వేడి ప్రాంతాల మొక్క ఇది, అందం కోసం అన్ని దేశాలకూ తెచ్చారు, ఇప్పుడు ప్రపంచ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ వాళ్ల 100 అతి ప్రమాదకర చొరబాటు జాతుల జాబితాలో ఉంది. మీరు చెక్కి గట్టవతల పడేసిన తీగ కాలవలో పడుతుంది, ధవళేశ్వరంలో వదిలిన నీళ్లతో పాటు కొట్టుకొచ్చేది మా శివారుకే కదా. మా బోదె గట్టు మీద గరిక, పొన్నగంటి, సరస్వతి ఆకు ఉండే చోట ఇప్పుడు ఇదొక్కటే ఉంది. గేదెలకి కోసుకునే గడ్డి పోయింది, అదీ నా బాధ.

మీ చెట్లు పాతికేళ్లు దాటాయంటున్నారు, కిందికి ఎండ బాగానే దిగుతుంది. తొలకరికి పిల్లిపెసర చల్లండి, పచ్చిరొట్ట ఎరువుకి వేసే పైరు అది. నీరు నిలిచే పల్లమైతే అది కుళ్లిపోతుంది, అక్కడ జీలుగ వేసుకోండి. పూతకి రాగానే దున్నేస్తే నత్రజని తోటకే దక్కుతుంది, ముదరనిస్తే మాత్రం కాడ పీచు కట్టి తొందరగా కుళ్లదు.

అంబాజీపేట వైపు:
దున్నే ముందు ఒక్క మాట. ఏ చెట్టుకైనా మొదలు దగ్గర ఎర్రగోధుమ రంగు జిగురు కారుతుంటే గానోడెర్మా అనే శిలీంధ్రపు తెగులు అయ్యుండొచ్చు, అలాంటి తోటలో దున్నకూడదు, వేళ్లు తెగితే తెగులు పాకుతుంది. పచ్చిరొట్ట కోసి చెట్టు పాదులో పరిస్తే చాలు. ఇంకోటి, ఏది వేసినా చెట్టు చుట్టూ 5, 6 అడుగుల మేర ఏ మొక్కా పెరగనివ్వకండి. లేకపోతే దింపు వాళ్లు తోటలో కాలు పెట్టరు. పాము భయం ఒకటి, కాయ ఎక్కడ పడిందో కనపడకపోవడం ఒకటి.

కడియం దగ్గర:
మంచి మొక్కని పట్టుకుని కలుపు చేసేస్తున్నారు. మా గట్టుకి ఒక పక్క సిమెంటు రోడ్డు, ఇంకో పక్క ప్రహరీ, ఎక్కడికి పోతుంది? తోటకి వద్దంటే ఒప్పుకుంటాను, ఇంటి ముందు నుంచి మాత్రం తీయను.

కాలవ శివారు రైతు:
ఉంచుకోండి, ఎవరు కాదన్నారు. కత్తిరించిన తీగ మాత్రం డ్రెయిన్‌లో వేయకండి, చెత్తకుప్పలోనూ వద్దు. మట్టి మీద ఆరబెడితే కింద వేర్లు దిగిపోతాయి, గచ్చు మీద పరిచి కాడ పుటుక్కున విరిగేదాకా ఎండాకే పారేయండి.