నిగ్రహించి? విగ్రహించి?

పద్యాలమూట: గొప్ప ఆటగాళ్ళకు అహం ఉండి తీరాలా అన్న వాదనలో బలమైన పాము చలిచీమలకు చిక్కి చచ్చే సుమతి పద్యం ఒకటి వేద్దామంటే రెండో పాదం దగ్గర బండి ఆగింది. "బలవంతుడ నాకేమని పలువురితో..." తర్వాత నిగ్రహించియా, విగ్రహించియా? నాలుక మీద రెండూ ఆడుతున్నాయి. ఆ పద్యం ఎవరి పక్షమో ఈ ఒక్క అక్షరమే తేల్చాలి.

కందగర్భం: ఛందస్సు తేల్చదండీ. రెండో పాదం గణాలు చూడండి: పలువురి (నల), తోనిగ్ (గగ), గ్రహించి (జ), పలుకుట (నల), మేలా (గగ). వెనక 'గ్ర' ఉంది కాబట్టి 'ని' అయినా 'వి' అయినా గురువే. ఆరో గణం జగణం, దానికి ఢోకా లేదు. యతి పకారానికి పకారం, ప్రాస లకారం. మీరడిగిన అక్షరం ఈ రెంటికీ తగలదు.

సాంధివిగ్రహికుడు: ఛందస్సు వదిలేసి విభక్తి పట్టుకోండి. ఎవరి'ని'నైనా నిగ్రహిస్తాం, ఎవరి'తో'నైనా విగ్రహిస్తాం, అంటే కయ్యానికి దిగుతాం. హితోపదేశంలో సంధికి ముందున్నది విగ్రహమే కదా. 'పలువురితో' అన్నాక 'వి' తప్ప మరోటి అతకదు.

పాతనిఘంటువు: ఆ 'తో' ముడిపడేది 'పలుకుట'తో మాస్టారూ, మధ్యలో క్త్వార్థకం ('-ఇంచి' అనే అసమాపక క్రియ) వచ్చి కూర్చుందంతే. పలువురితో, నిగ్రహించి, పలుకుట మేలా? నిగ్రహానుగ్రహ సమర్థుడు అంటామే, ఆ నిగ్రహమే ఇది. అణచివేస్తూ మాట్లాడటం, తేలికమాటలో దబాయింపు. పద్యం కాదన్నది బలాన్ని కాదు, నోటిని.

రింగుపక్క: నోటిదే తప్పయితే ముందు మునగాల్సింది మహమ్మద్ అలీ. 1974 అక్టోబరు 30న కిన్షాసాలో జరిగింది వేరు. నోరు అలీది, సర్పం అప్పటి బాక్సింగ్ ఛాంపియన్ ఫోర్‌మన్. అప్పటికి 40 పోటీలు, 40 గెలుపులు, అందులో 37 నాకౌట్లు. అలీ తాళ్ళకు చేరగిలబడి, ముంజేతులతో ముఖం కప్పుకుని కొట్టించుకున్నాడు. ఇన్ని దెబ్బలకు ఎవడైనా పడతాడన్న ధీమాతో ఫోర్‌మన్ దమ్ము దాచుకోలేదు. భుజాలు బరువెక్కి, గుద్దులో పస తగ్గాక ఎనిమిదో రౌండులో కూలాడు. కాబట్టి పద్యంలో అసలు మాట 'నాకేమని'. ని, వి గొడవ పక్కన పెట్టండి.

పద్యాలమూట: పక్కన పెడితే నా ప్రశ్న ఏమైనట్టు!

నెట్స్‌లోనే: ఈ కాలపు అర్థంలో నిగ్రహం కావాలంటే సిడ్నీ, 2004 జనవరి. ఆఫ్ స్టంప్ బయటి బంతికి డ్రైవ్ చేయబోయి ఆ సిరీస్‌లో అవుటవుతున్న టెండూల్కర్, కవర్ డ్రైవ్‌నే పక్కన పెట్టాడు. 436 బంతులు, 241 నాటౌట్. పేరు తెచ్చిన షాట్‌ను వదులుకోవడానికి అహం తగ్గాలంటారు. నేను ఒప్పుకోను. ఆ షాట్ లేకుండానే మిమ్మల్ని ఆడుకుంటానన్న ధీమా చిన్న అహమా? క్రీడా మనస్తత్వశాస్త్రం దీన్ని రెండుగా కొలుస్తుంది: పక్కవాడికన్నా మించాలన్న ఈగో ధోరణి, నిన్నటికన్నా పని మెరుగుపడాలన్న టాస్క్ ధోరణి. ఒకటి పెరిగితే రెండోది తరగాలని లేదు, రెండూ దండిగా ఉండొచ్చు. చిక్కంతా రెండోది సన్నగిల్లి, తన సత్తా మీద అనుమానం మొదలైనప్పుడు. అప్పుడు ఆటగాడు గట్టి ప్రత్యర్థిని తప్పించుకుంటాడు, ఓడకముందే సాకు సిద్ధం చేసుకుంటాడు.

కందగర్భం: ఫెదరర్‌ను మరిచారు. 1,526 సింగిల్స్ మ్యాచుల్లో దాదాపు 80 శాతం గెలిచినవాడు పాయింట్లలో గెలిచింది 54 శాతమే. ప్రతి పోయిన పాయింటుకీ అహం గాయపడితే సర్వీసుకు చేయి లేవదు.

భాగవతబిందువు: మీరంతా చీమల దగ్గరే తిరుగుతున్నారు. పోతన ఏనుగును చూడండి. "లావొక్కింతయు లేదు, ధైర్యము విలోలంబయ్యె, బ్రాణంబులున్ ఠావుల్ దప్పెను, మూర్ఛ వచ్చె, దనువున్ డస్సెన్." మారథాన్‌లో మొదటి ఐదు కిలోమీటర్లు పంతానికి పోయి కిలోమీటరుకు పది, పదిహేను సెకన్లు ఎక్కువ వేగం లాగినవాడికి ముప్ఫై దాటాక సరిగ్గా ఇదే వరస. కండల్లో దాచుకున్న ఇంధనం, గ్లైకోజెన్, అడుగంటుతుంది, అదే లావు, అంటే బలం. ఆ తర్వాతే గుండె జారుతుంది. శార్దూలంలో ఆ 'ఠావుల్' పడిన చోటు చూడండి, ఊపిరి తప్పినట్టే ఉంటుంది. ఆ ఒక్క మాటకే పోతనకు...

పాతనిఘంటువు: పోతన సంగతి మొదలైతే ఇక తెల్లవారినట్టే. అయినా గజేంద్రుడు ఓడింది అహం వల్ల కాదు, పరాయి మైదానం వల్ల. "స్థానబలిమి గాని తన బలిమి గాదయా" అని వేమన ఎప్పుడో తేల్చేశాడు.

భాగవతబిందువు: మైదానం ఎవరిదైనా, దిగింది 'నాకేమి' అనుకునే కదండీ!

పద్యాలమూట: పెద్దలూ, ని వేయనా, వి వేయనా?

సాంధివిగ్రహికుడు: వి.

పాతనిఘంటువు: ని. పైగా నాలుగో పాదంలో 'చేతఁ జిక్కి' అని అరసున్న పెట్టి వేయండి. ద్రుతం ('చేతన్'లోని న్) ఎగరగొట్టేసి సరళం (జ) మాత్రం ఉంచుతున్నారు అందరూ.