3090కి వాటర్ బ్లాక్: పాత ప్యాడ్‌లు మందం, కొత్తవి పల్చన. ఏవి వేయాలి?

వెండితీగ:

అందరికీ నమస్కారం. నాది ఆర్‌టీఎక్స్ 3090 గ్రాఫిక్స్ కార్డు, రిఫరెన్స్ పీసీబీ (ఎన్‌విడియా మూల డిజైన్ ప్రకారం చేసిన సర్క్యూట్ బోర్డు). గేమ్‌లలో కోర్ (కార్డులోని అసలు జీపీయూ చిప్) 74 డిగ్రీల దగ్గర ఉంటుంది, దానితో బాధ లేదు. బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో రెండర్ పెడితే మాత్రం మెమరీ జంక్షన్ (మెమరీ చిప్‌ల లోపలి వేడి) 106, 108 దాకా పోతోంది. ఫ్యాన్‌ల హోరు పక్క గదిలోకి వినిపిస్తోంది. అందుకని ఫుల్ కవర్ వాటర్ బ్లాక్ (కార్డు ముందువైపంతా కప్పి నీళ్లతో చల్లబరిచే రాగి దిమ్మ) తెప్పించాను. సీపీయూకి కస్టమ్ లూప్ (విడి భాగాలతో కూర్చిన నీళ్ల కూలింగ్) ముందే ఉంది: 360 మి.మీ. రేడియేటర్ ఒకటి, డీ5 పంపు.

ఇవాళ కార్డు విప్పాను. పాత కూలర్ ప్యాడ్‌లని (చిప్‌ల వేడిని లోహానికి చేర్చే మెత్తటి పట్టీలు) నొక్కుడు పడని అంచు దగ్గర కాలిపర్‌తో కొలిస్తే దాదాపు 2 మి.మీ. వచ్చింది. బ్లాక్‌తో ఇచ్చినవి 1 మి.మీ. మాన్యువల్‌లోనూ 1 అనే ఉంది. ఇంత తేడా ఎందుకు? పల్చటివి వేస్తే మెమరీ చిప్‌లకి ఆనవేమోనని భయంగా ఉంది. విడిగా కొన్న ఖరీదైన 2 మి.మీ. ప్యాడ్‌లు నా దగ్గర ఉన్నాయి, అవి వేసేయనా?

ఇంకోటి. ఈ కార్డుకి వెనకవైపు కూడా మెమరీ ఉంది, బ్లాకేమో ముందువైపే. మరి వెనకవాటి సంగతేంటి?

కిటికీపక్క:

2 వేసేయ్ బ్రో. ప్యాడ్ మెత్తగానే ఉంటుంది కదా, స్క్రూలు బిగిస్తే అదే నలుగుతుంది. అసలు ఆనకపోవడం కంటే అది నయం.

రాగిపలక:

తమ్ముడూ, దయచేసి 2 వేయకు. కిటికీపక్క గారు మంచి మనసుతోనే చెప్పారు, కానీ నా దగ్గరికి "బ్లాక్ పెట్టినా వేడి తగ్గలేదు" అని వచ్చే కార్డుల్లో ఎక్కువ భాగం ఇదే కేసు.

ప్యాడ్ ఎంత మందం ఉండాలో తేల్చేది చిప్ కాదు, దాని మీదకి వచ్చే లోహం. నీ పాత కూలర్‌లో మెమరీకి, లోహానికి మధ్య ఖాళీ ఎక్కువ, అందుకే 2 మి.మీ. పెట్టారు. బ్లాక్ చేసినవాళ్లు రాగిని వేరే ఎత్తుల్లో మెట్లు మెట్లుగా మిల్లింగ్ చేస్తారు. కోర్ డై (జీపీయూ సిలికాన్ ముక్క) రాగికి పూర్తిగా ఆనినప్పుడు, మెమరీ మీద మిగిలే ఖాళీ 1 మి.మీ. కంటే కాస్త తక్కువ ఉండేలా లెక్క కడతారు. పాత ప్యాడ్ కొలత ఆ పాత కూలర్‌కే పనికొస్తుంది. కొత్త బ్లాక్‌కి మాన్యువలే ప్రమాణం.

2 మి.మీ. వేస్తే ఏమవుతుందంటే, డై కంటే ముందు ప్యాడ్‌లు ఆనుకుంటాయి. బల్ల కాలి కింద అట్టముక్క పెట్టినట్టు బ్లాక్ పైకి లేచి నిలబడుతుంది. డైకి, రాగికి మధ్య థర్మల్ పేస్ట్ (వేడిని దాటించే ముద్ద) మందంగా మిగిలిపోతుంది. అప్పుడు కూడా కోర్ సగటు 60 లోపే కనిపించవచ్చు, నీళ్ల మహిమ అది. కానీ హాట్‌స్పాట్ (డైలో అన్నిటికంటే వేడిగా ఉన్న చోటు) చూస్తే దానికంటే 25, 30 డిగ్రీలు పైన ఉంటుంది. స్క్రూలు ఇంకా బిగిస్తే ప్యాడ్ ఎంతో నలగదు, పీసీబీ వంగుతుంది. వంగిన బోర్డు మీద మెమరీ చిప్‌ల కింది సోల్డర్ బంతులకి అది మంచిది కాదు. పైగా ఉష్ణవాహకత అంకె పెద్దగా రాసి అమ్మే ప్యాడ్‌లు చాలావరకు గట్టిగా ఉంటాయి, అవి ఇంకా మొండికేస్తాయి. బ్లాక్‌తో వచ్చిన మెత్తటివే నీకు మేలు.

నమ్మకం కుదరకపోతే ఉత్తుత్తి బిగింపు చెయ్యి. ఇది ఎవరికైనా చెబుతాను. ప్యాడ్‌లు పెట్టు, రెండువైపులా ఉన్న సన్నటి ప్లాస్టిక్ పొర తీశావో లేదో వెలుతురులో చూసుకో. డైకి పేస్ట్ రాయి. చుట్టూ ఉన్న నాలుగు స్క్రూలు మూలకి ఎదురు మూలగా, అర చుట్టు చొప్పున బిగించు. పవర్ స్క్రూడ్రైవర్ వద్దు, చేత్తోనే. ఆగిన చోట ఆపు. తర్వాత నిదానంగా విప్పి చూడు. ముందువైపు 12 చిప్‌ల అచ్చు ప్యాడ్‌ల మీద స్పష్టంగా పడాలి. డై మీద పేస్ట్ పల్చగా, అన్ని మూలలకీ సమానంగా పరుచుకుని ఉండాలి. రెండూ ఉంటే ఇక సందేహం అక్కర్లేదు. పేస్ట్ తుడిచి, కొత్తది రాసి అసలు బిగింపు చేసేయ్. జీపీయూ డై మీద సీపీయూకి ఉన్నట్టు లోహపు మూత ఉండదు, కాబట్టి మధ్యలో చుక్క పెట్టి వదిలేయకు. మూలలదాకా పూయి.

పాత ప్యాడ్ జిడ్డు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడువు. డై చుట్టూ ఆవగింజంత కెపాసిటర్లు ఉంటాయి, అక్కడ లోహపు పనిముట్టు దేన్నీ వాడకు.

ఇక వెనకవైపు. 3090లో 24 చిప్‌లు, సగం వెనకే. 3090 టీఐలో అన్నీ ముందుకొచ్చాయి, నీకు ఆ సుఖం లేదు. వేడి అంకెలు చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫో సాఫ్ట్‌వేర్‌లో నువ్వు చూసే మెమరీ జంక్షన్ అంకె అన్నిటికంటే వేడిగా ఉన్న చిప్‌ది. అంటే బ్లాక్ పెట్టాక అది చూపించేది వెనకవాటినే. బోర్డు గుండా కొంత వేడి ముందున్న రాగిలోకి దిగుతుంది కాబట్టి ఎలాగూ తగ్గుతుంది. కానీ బ్యాక్‌ప్లేట్‌ని (కార్డు వెనక ఉండే పలక) ఉత్త అలంకారంగా పెట్టకు. దానికీ ప్యాడ్‌లు వేయి, మందం మళ్లీ ఆ బ్యాక్‌ప్లేట్ మాన్యువల్ ప్రకారమే. దాని మీదకి ఒక 120 మి.మీ. ఫ్యాన్ నెమ్మదిగా తిప్పినా చాలా తేడా వస్తుంది. పాత బ్యాక్‌ప్లేటే వాడేట్టయితే, దాని స్క్రూల పొడవు బ్లాక్ గుంతలకి సరిపోతుందో లేదో ముందు చూసుకో.

నీటిగంట:

రాగిపలక గారు బ్లాక్ సంగతంతా చెప్పేశారు, నేను లూప్ సంగతి చెబుతా. ఆ కార్డు ఒక్కటే 350 వాట్లు. సీపీయూతో కలిపి ఒక్క 360 మీద వేస్తే పనిచేస్తుంది కానీ, నీళ్లు వేడెక్కి ఫ్యాన్‌లు మళ్లీ హోరెత్తుతాయి. నువ్వు తప్పించుకోవాలనుకున్నదే అది. కేసులో చోటుంటే ఇంకో 240 గానీ 280 గానీ చేర్చు. రాగిదో, ఇత్తడిదో అయి ఉండాలి. రాగి బ్లాక్ ఉన్న లూప్‌లో అల్యూమినియం రేడియేటర్ కలిపితే తుప్పు మొదలవుతుంది.

నీళ్లు లోపలికి వెళ్లే రంధ్రం ఏదో బ్లాక్ మీద గుర్తు వేసి ఉంటే దాన్నే పాటించు. లీక్ పరీక్ష గాలితో చెయ్యి. చేతిపంపు ఉన్న టెస్టర్‌తో అర బార్ ఎక్కించి, ముల్లు కదలకపోతేనే నీళ్లు నింపు. నింపేటప్పుడు పవర్ సప్లై 24 పిన్‌ల ప్లగ్‌కి జంపర్ (మదర్‌బోర్డు లేకుండానే అది ఆన్ అయ్యేలా చేసేది) పెట్టి, పంపుకి తప్ప దేనికీ కరెంటు ఇవ్వకు. రిజర్వాయర్ ఖాళీ అవుతుంటే వెంటనే ఆపు. డీ5 పొడిగా తిరగకూడదు, దాని బేరింగ్‌కి నీళ్లే చలువ, నీళ్లే కందెన.

వెండితీగ:

అన్నలిద్దరికీ చాలా థ్యాంక్స్. 1 మి.మీ. ప్యాడ్‌లతోనే ఉత్తుత్తి బిగింపు చేశాను. 12 అచ్చులూ పడ్డాయి, పేస్ట్ అద్దంలా పల్చబడింది. ఆ కాస్తా కళ్లారా చూశాక గుండె కుదుటపడింది. 280 రేడియేటర్ కూడా చేర్చాను, గాలి పరీక్షలో ముల్లు కదల్లేదు.

అదే బ్లెండర్ సీన్, అరగంట తర్వాత: నీళ్లు 38, కోర్ 51, హాట్‌స్పాట్ 62, మెమరీ 84. బ్యాక్‌ప్లేట్ మీద ఫ్యాన్ ఆపితే మెమరీ 94కి ఎక్కింది. మెమరీ ఇంకా దించాలంటే అవతల కూడా నీళ్ల ప్లేట్ పెట్టాలా?

రాగిపలక:

అక్కర్లేదు తమ్ముడూ. ఈ మెమరీ వేగం తగ్గించుకోవడం మొదలుపెట్టేది 110 దగ్గర, నువ్వు 84లో ఉన్నావు. ఆ ఫ్యాన్ మాత్రం తీయకు. కోర్‌కి, హాట్‌స్పాట్‌కి 11 తేడా అంటే బ్లాక్ చక్కగా కూర్చుందన్నమాట.

ఈ నాలుగు అంకెలూ ఎక్కడైనా రాసిపెట్టుకో. ఇకమీదట కోర్ ఒక్కటే చూడకు, కోర్‌లోంచి నీళ్ల వేడి తీసేసి చూడు. ఇప్పుడది 13. అదే సీన్, అవే వాట్లకి ఆ 13 పెరుగుతూ పోతే పేస్ట్ గానీ, ప్రవాహం గానీ చూడాలి. 13 అలాగే ఉండి నీళ్లు మాత్రం ఎక్కుతుంటే గది వేడెక్కిందేమో చూడు, ఆ తర్వాత రేడియేటర్‌లో దుమ్ము చూడు. బ్లాక్ జోలికి వెళ్లకు.