ముత్తాత మెడల్స్ మూడు, మధ్యది నకలు: సెట్టుకి విలువ ఎలా కట్టాలి?

పాతట్రంకు:
మా ముత్తాత మొదటి ప్రపంచ యుద్ధంలో సిపాయి. ట్రంకు అడుగున ఒకే పిన్నుకి కుట్టిన మూడు మెడల్స్ దొరికాయి. 1914-15 స్టార్, బ్రిటిష్ వార్ మెడల్, విక్టరీ మెడల్. స్టార్ వెనకవైపు, విక్టరీ అంచు మీద ఆయన నంబరు, పేరు చెక్కి ఉన్నాయి. వార్ మెడల్ అంచు మాత్రం నున్నగా ఉంది. చూసినాయన అది రెప్లికా అన్నారు. మరి సెట్టు మొత్తానికి విలువ ఎలా కడతారు? కాస్త తొందరగా చెప్పండి.

అంచుచూపు:
కట్టేదేముంది? రెండు మెడల్స్ విలువ కట్టండి, మూడోది సున్నా. ఇంకా చెప్పాలంటే ఆ రెండిటి విలువ కూడా కొంత తగ్గించాలి, ఎందుకంటే సెట్టు విరిగింది. వార్ మెడల్‌ని పేరు లేకుండా సైనికుడికి ఇవ్వలేదు. అంచు నున్నగా ఉంటే చర్చ అక్కడితో అయిపోయినట్టే.

మేగ్నెట్‌మామ:
అసలు వార్ మెడల్ వెండిది. అయస్కాంతం పెట్టి చూడండి. అతుక్కోకపోతే వెండే, టెన్షన్ అక్కర్లేదు.

రిబ్బన్‌బార్:
మామా, ఇత్తడికీ అతుక్కోదు, రాగి-నికెల్ మిశ్రమానికీ అతుక్కోదు. అయస్కాంతంతో ఇనుము లాంటి కొన్ని లోహాలు తప్ప ఇంకేమీ దొరకవు. పైగా జర్మన్ల ఐరన్ క్రాస్ మెడల్ దగ్గర లెక్క తిరగబడుతుంది. అసలుదానిలో సాధారణంగా ఇనుప పలకే ఉంటుంది కాబట్టి అతుక్కోవాలి. ఇత్తడి పలకతో వచ్చిన అసలువి కూడా కొన్ని ఉన్నాయి, అది వేరే గొడవ.

పాతట్రంకు గారూ, మీకు పనికొచ్చేది నీళ్ళ పరీక్ష. రిబ్బన్ తీసేసి మెడల్ తూచండి. దారంతో నీళ్ళలో వేలాడదీసి మళ్ళీ తూచండి. మొదటి బరువుని, నీళ్ళలో ఎంత తగ్గిందో ఆ తేడాతో భాగించండి. 10.3 దగ్గర వస్తే స్టెర్లింగ్ వెండి, అంటే నూటికి 92.5 పాళ్ళు వెండి. 8.5, 8.9 వస్తే కాదు. కొలత కూడా చూడండి, అసలుది 36 మిల్లీమీటర్లు. అసలుదాని అచ్చు తీసి పోత పోస్తే లోహం చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది, అందుకే నకలు కొంచెం చిన్నగా ఉంటుంది. మెడల్ వెనకవైపు బొమ్మలో గుర్రం మీద మనిషి కాళ్ళ దగ్గర, డేగ బొమ్మ ఉన్న డాలు దగ్గర భూతద్దం పెట్టండి. సూది మొన అంత గుంటలు కనిపిస్తే అది పోత పోసిందే.

అరుణ_కె:
రిబ్బన్‌ని అల్ట్రావయొలెట్ లైట్ కింద పెట్టండి. మెరిస్తే కొత్త దారం. రిబ్బన్ నకిలీ అయితే మెడల్ కూడా నకిలీయే కదా.

రిబ్బన్‌బార్:
రిబ్బన్ బట్ట ముక్క అండీ. చీకిపోతే మారుస్తారు. వందేళ్ళ మెడల్‌కి పదేళ్ళ రిబ్బన్ ఉండటం మామూలే.

అరుణ_కె:
మార్చారని మీకెలా తెలుసు? మెరిసింది కదా.

పాతట్రంకు:
కొలిచాను. గాలిలో 27.2 గ్రాములు, నీళ్ళలో 3.2 గ్రాములు తగ్గింది. అంటే 8.5. అడ్డంగా 35.2 మిల్లీమీటర్లు. డాలు పక్కన గుంటలు ఉన్నాయి.

అంచుచూపు:
చెప్పానుగా. పోత పోసిన ఇత్తడి, పైన తెల్లపూత. సున్నా.

బాబ్జీ:
ఇత్తడి రంగు వార్ మెడల్ అంటే నకిలీయే అని అందరికీ తెలుసు.

రిబ్బన్‌బార్:
ఇది అందరికీ తెలిసిన అబద్ధం. లేబర్ కోర్‌లలో, అంటే యుద్ధంలో కూలిపనుల దళాలలో పనిచేసిన భారతీయులకి, చైనా వాళ్ళకి, మాల్టా వాళ్ళకి ఇదే మెడల్‌ని కంచుతో చేసి ఇచ్చారు. వెండివాటికన్నా అవే అరుదు. రెండో యుద్ధం వార్ మెడల్ చూడండి. బ్రిటన్ రాగి-నికెల్‌తో చేస్తే కెనడా వెండితో చేసింది. లోహం చూసి తీర్పు చెప్పే ముందు ఎవరికి ఇచ్చారో చూడాలి. పాతట్రంకు గారిది మాత్రం నకలే, అందులో నాకూ అనుమానం లేదు. కానీ సున్నా అంటే ఒప్పుకోను. 1980 చుట్టూ వెండి ధర ఎగిరినప్పుడు ఈ మెడల్స్ ఎన్ని మూసలో కరిగిపోయాయో! స్టార్, విక్టరీ కంచువి కాబట్టి మిగిలాయి. వెండిది పోయిన చోట ఒక నకలు పెట్టి కుట్టుకున్న కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ నకలు కూడా ఆ ఇంటి కథలో భాగమే.

అంచుచూపు:
కథకి ధర కట్టడం మొదలుపెడితే మోసగాళ్ళందరూ కథకులే అవుతారు. నా సంగతి వినండి. పదేళ్ళ కిందట ఒక అమ్మకందారు దగ్గర మూడు మెడల్స్ సెట్టు కొన్నాను. పేర్లు సరిపోయాయి, కాగితాలు సరిపోయాయి, కథ కన్నీళ్ళు తెప్పించింది. రెండేళ్ళ తర్వాత క్యాలిపర్ పెట్టి అడ్డంగా కొలిచాను. ఒకవైపు 36, పేరున్న వైపు 35.6. పాత పేరు అరగదీసి కొత్త పేరు కొట్టారు. ఎవరో చచ్చిపోయిన సిపాయి పేరు గీకేశారు! అమ్మినవాడిని అడిగితే "నేనూ అలాగే కొన్నాను" అన్నాడు. అప్పటినుంచి నేను అంచునే నమ్ముతాను, మనిషిని కాదు.

రిబ్బన్‌బార్:
మీకు జరిగింది అన్యాయమే. కానీ అది పేరు మార్చిన అసలు మెడల్, ఇది పేరే లేని నకలు. దీనిలో మోసం ఎక్కడుంది? ఎవరూ ఏమీ గీకలేదు.

అంచుచూపు:
ఈ రోజు గీకలేదు. రేపు ఎవరో ఆ నున్నటి అంచు మీద ముత్తాత పేరు కొట్టిస్తారు. అంతటితో సెట్టు "పూర్తి" అవుతుంది. మీరు నకళ్ళు అమ్ముతారు కాబట్టి మీకు అందులో తప్పు కనిపించదు.

రిబ్బన్‌బార్:
అవును, అమ్ముతాను. దాచలేదే! ఫ్రేము కట్టించుకునే కుటుంబాలకి, నకలని చెప్పే ఇస్తాను.

అంచుచూపు:
అంచు మీద "కాపీ" అని కొట్టి ఇస్తారా?

రిబ్బన్‌బార్:
కొడితే ఎవరూ తీసుకోరు. తాతగారి ఫొటో పక్కన "కాపీ" అని రాసుకుని గోడకి ఎవరు తగిలిస్తారు?

అంచుచూపు:
అదీ అసలు సంగతి. ఇంతసేపూ వెండి, ఇత్తడి, డేగ, గుర్రం అని తిరిగాం. బ్రిటన్‌లో పోయిన మెడల్ బదులు అధికారికంగా ఇచ్చేదాని మీద కూడా అంచున ముద్ర వేస్తారు. సర్కారుకి లేని సిగ్గు మీకెందుకు? మీరు నోటితో చెప్తారు. కొన్నాయన పోతాడు, నోటిమాటా ఆయనతోనే పోతుంది, మెడల్ మిగులుతుంది.

రిబ్బన్‌బార్:
జర్మనీ 1957లో స్వస్తిక తీసేసి నాజీల కాలం నాటి పాత మెడల్స్ మళ్ళీ చేయించుకోనిచ్చింది. అవీ మీ లెక్కలో నకిలీలేనా?

అంచుచూపు:
స్వస్తిక లేదని చూడగానే తెలుస్తుంది. అదే నేను అడిగేది. చూడగానే తెలియాలి.

అరుణ_కె:
రిబ్బన్ సంగతి ఎవరూ తేల్చలేదు.

మేగ్నెట్‌మామ:
ఇద్దరూ కాస్త నీళ్ళు తాగండి. అడిగినాయన ఏడీ?

పాతట్రంకు:
ఇక్కడే ఉన్నాను. మొదటే చెప్పాల్సింది, చెప్పలేదు. నేను అమ్మడానికి అడగలేదు. మా అన్నదమ్ముల పంపకాల్లో ట్రంకు నా వాటాకి వచ్చింది. లోపల మెడల్స్ ఉన్నాయని తెలిశాక అన్నయ్య వాటికి లెక్క కట్టి సగం ఇమ్మంటున్నాడు. పూర్తి సెట్టు ధర చెప్పాడు. అందుకే నకలుకి విలువ లేదని ఎవరైనా గట్టిగా అంటే బాగుండునని పోస్ట్ పెట్టాను. అంచుచూపు గారు అనగానే సంతోషించాను కూడా.

కానీ నిన్న పెద్దత్తని ఫోన్లో అడిగితే వేరే సంగతి తెలిసింది. వెండిది మా తాత చదువు ఫీజు కోసం ముత్తవ్వ అమ్మేసిందట. ముత్తాతకి చెప్పలేదు. ఆయనకి తెలియకూడదని ఎవరి చేతో ఈ ఇత్తడిది చేయించి, అదే పిన్నుకి కుట్టి పెట్టింది. ఆయనకి చూపు సరిగ్గా లేదు, ఎప్పుడూ వేళ్ళతో తడిమి చూసుకునేవాడట.

ఇప్పుడు అన్నయ్యతో సున్నా అనడానికి నోరు రావట్లేదు.

రిబ్బన్‌బార్:
ఇది మార్కెట్టు లెక్కకి అందదు సార్. లెక్క వరకూ రెండు అసలు మెడల్స్‌కే కట్టండి. మూడోది లెక్కలోకి తేకండి, అంతే.

బాబ్జీ:
ఆయన తడిమేవాడంటే అంచు నున్నగా ఉందని తెలిసే ఉంటుంది కదా?

పాతట్రంకు:
పెద్దత్తని నేనూ అదే అడిగాను. నవ్వింది, ఏమీ చెప్పలేదు.

పెట్టెలో ఒక చీటీ పెడుతున్నాను. మధ్యది నకలని, ఎవరు చేయించారో, ఎందుకో రాశాను.

అంచుచూపు:
చీటీ పోతుంది. అంచు మీద కొట్టించండి.