ముట్టుకోకూడని శిల్పాల దగ్గర చిన్న పిల్లల చేతులకు ఏం పని ఇవ్వాలి?

ప్రశ్న (ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయిని, హనుమకొండ)
అందరికీ నమస్కారం. మా మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలను ఓరుగల్లు కోటకు, అక్కడి ఖుష్ మహల్‌లో భద్రపరచిన శిల్పాల వద్దకు, మరొక రోజు పాలంపేట రామప్ప గుడికి తీసుకెళ్లాలని అనుకుంటున్నాం. ఇటువంటి చోట్ల పిల్లలు వరుసలో నడిచి, "ముట్టుకోవద్దు" అనే మాట పదే పదే విని, తిరిగి వచ్చాక బస్సు ప్రయాణం గురించి తప్ప ఏమీ చెప్పలేకపోవడం నాకు బాధ కలిగిస్తోంది. శిల్పాలకు హాని కలగకుండా వారి చేతులకు పని కల్పించే మార్గాలు దయచేసి తెలియజేయండి. తరగతిలో చూపు బాగా తక్కువగా ఉన్న ఒక పాప కూడా ఉంది.

జవాబు (పురావస్తు శాఖలో పనిచేసి విరమించిన ఉద్యోగి, వరంగల్)
మేడం, ముందుగా ఆ నిషేధానికి కారణం చెప్పండి. చేతి చెమటలోని ఉప్పు లోహాన్ని తినేస్తుంది; వేల చేతులు తగిలిన చోట రాతి మీది నగిషీ అరిగిపోతుంది. గుడి గడపలు నున్నగా మెరవడం పిల్లలు చూసే ఉంటారు కనుక ఈ మాట వారికి వెంటనే అర్థమవుతుంది.

తర్వాత, రాళ్లు చెక్కేవారి దగ్గర మిగిలిన ఇసుకరాయి, గ్రానైటు, నల్లరాయి ముక్కలు అడిగి తెచ్చి, అంచులు అరగదీయించి, కళ్లు మూసుకొని తడిమి గుర్తుపట్టమనండి. రామప్ప గుడి ప్రధానంగా ఇసుకరాతి కట్టడం, స్తంభాలకూ దూలాలకూ గ్రానైటు, డోలరైటు అనే నల్లరాయి వాడారు. వేళ్లకు తెలిసిన రాయిని అక్కడ కళ్లతో వెతికే పిల్లవాడు ఊరికే నడిచిపోడు. ఈ ఆటను ఆ పాపతోనే మొదలుపెట్టించండి. ఆమె మిగతా వారికి నేర్పగలదు. ఆమె కోసం కోట తోరణం నమూనా ఒకటి మట్టితో చేయించండి. స్మారకాల వద్ద రాలిన ముక్కలను మాత్రం ఎవరినీ ఏరనివ్వవద్దు.

జవాబు (ఉపాధ్యాయుడు, ములుగు)
రామప్ప గుడికి వెళ్లే ముందు ఇటుకలు చేయించండి. ఆ గుడి శిఖరాన్ని నీటిపై తేలేంత తేలికైన ఇటుకలతో కట్టి, పైకప్పు మీద భారం తగ్గించారు. పిల్లలు ఉత్త బంకమట్టితో ఒకటి, వరి ఊక బాగా కలిపి మరొకటి ఒకే అచ్చులో పోసి, ఆరనిచ్చి, కుమ్మరి ఆవంలో కాల్పించి తూకం వేయాలి. ఊక కాలిపోయిన చోట సన్నని ఖాళీలు మిగులుతాయి కాబట్టి రెండవది తేలికగా ఉంటుంది. అది నీటిలో తేలకపోయినా ఫరవాలేదు. బరువు ఎందుకు తగ్గిందో పిల్లలే చెప్పేదాకా ఆగండి, మీరు ముందే చెప్పవద్దు.

జవాబు (ఒక విద్యార్థి తల్లి, కాజీపేట)
అన్నీ ఒకే రోజు చూపించాలనే తొందర వద్దండీ. ఐదారుగురికి ఒక పెద్దవారు ఉండి, ఒక్క శిల్పం ముందు కూర్చోబెట్టి బొమ్మ గీయిస్తే చాలు. కోట తోరణాల మీది హంసలను గీసిన పిల్లలు వాటి మెడ వంపును ఇంట్లో మళ్లీ గీసి చూపించారు.

ప్రశ్న అడిగినవారు
అందరికీ ధన్యవాదాలు. రాతి ముక్కల ఆట బడిలోనే మొదలుపెడతాం. ఇటుకలు కాలి, తూకం పూర్తయ్యాకే రామప్ప గుడి ప్రయాణం పెట్టుకుంటాం. ములుగు సార్, అచ్చు కొలతలు ఎంత ఉంటే పిల్లల చేతులకు అనువుగా ఉంటుందో చెప్పగలరా?