2,40,000 కిలోమీటర్లు తిరిగిన డీజిల్ కారుకు ఏ ఆయిల్ పోయించాలి?

నాది 2012 నాటి డీజిల్ కారు, టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే భాగం) ఉన్న 1.3 లీటర్ల ఇంజిన్. నెలకు రెండుసార్లు విజయవాడ నుంచి హైదరాబాద్ వెళ్లివస్తాను. మిగతా రోజుల్లో బెంజి సర్కిల్ రద్దీలో క్లచ్ తొక్కుతూ నిలబడటమే దాని పని.

మాన్యువల్‌లో 5డబ్ల్యూ-30 గ్రేడు ఆయిల్ (మొదటి అంకె చల్లగా ఉన్నప్పటి చిక్కదనానికి, రెండోది వేడెక్కాక ఉండే చిక్కదనానికి గుర్తు) వాడమని, 10,000 కిలోమీటర్లకు మార్చమని ఉంది. ఇన్నాళ్లూ అలాగే చేశాను. ఏడాదిగా ప్రతి 3,000 కిలోమీటర్లకు ఆయిల్ అర లీటరు దాకా తగ్గుతోంది. ఉదయం స్టార్ట్ చేయగానే నీలం పొగ పలచగా వచ్చి, నిమిషంలో ఆగిపోతుంది. బండి నిలిపిన చోట నేల మీద మాత్రం చుక్క కూడా కనబడదు. డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ నల్లగా ఉంటుంది కానీ, డీజిల్ ఇంజిన్లలో అది మామూలే కాబట్టి దాని గురించి బెంగ లేదు.

మా మెకానిక్ 15డబ్ల్యూ-40 పోయించి, 5,000కే మార్చమంటున్నాడు. చిక్కటి ఆయిల్ అయితే ఇంజిన్ దాన్ని తాగడం తగ్గుతుందని అతని నమ్మకం. చల్లటి ఇంజిన్‌లో అది టర్బోకు ఆలస్యంగా అందుతుందేమోనని నా భయం. విజయవాడలో చలి ఎక్కడిదని అతను నవ్వుతాడు, అదీ నిజమే!

మధ్యేమార్గంగా 5డబ్ల్యూ-40 ఫుల్ సింథటిక్ పోయించి, 7,500కు మారిస్తే సరిపోతుందా? ఆయిల్ మార్చే ముందు కంప్రెషన్ పరీక్ష (సిలిండర్లలో ఒత్తిడి కొలవడం), టర్బో సీళ్ల తనిఖీ చేయించాలా? ఇంత తిరిగిన ఇంజిన్‌ను ఫ్లష్ చేయిస్తే (లోపలి మడ్డిని కడిగిస్తే) మేలా, కీడా? ఇలాంటి పాత డీజిల్ బండి నడుపుతున్నవారు తమ అనుభవం చెబితే రుణపడి ఉంటాను. కొత్త కారు కొనమని మాత్రం చెప్పకండి, ఆ సలహా ఇంట్లో రోజూ వింటూనే ఉన్నాను.