సమస్య: బండ నోరు తెరచి పరిగె మ్రింగె

నిర్వాహకుడు: వెచ్చని సముద్రాల్లో రాయిలా పడి ఉండి వేటాడే చేపల గురించి రాత్రి చదువుతుంటే ఈ పాదం తట్టింది. పరిగె అంటే చిన్న చేప. ఇదే చివరి పాదంగా, శాపాలూ అహల్యలూ లేకుండా పద్యం పూరించండి.

కృష్ణాతీరం (విజయవాడ):
పగడ దిబ్బ నడుమ పాచి పట్టినయట్లు
కదలకుండ నిలిచి కాచియుండు
రాతిచేప, దరికి రాగానె యొక్కటి
బండ నోరు తెరచి పరిగె మ్రింగె

మిరపతోట (గుంటూరు):
ఎరను నుదుట గట్టి యెదురు చూచుచు నుండు
కప్పచేప, రంగు గండశిలదే
పురుగటంచు దలచి పోయిన యంతలో
బండ నోరు తెరచి పరిగె మ్రింగె

కప్పచేపకు వీపు రెక్కలోని మొదటి ముల్లే తల మీదికి జరిగి గాలపు కర్ర అయింది. కొన్ని జాతుల్లో దాని కొసన పురుగు లాంటి ఎర ఆడుతుంది. సెకనును వెయ్యి భాగాలు చేస్తే సుమారు 6 భాగాల్లో మింగడం పూర్తవుతుంది. అందుకే ‘అంతలో’ అన్నాను.

కృష్ణాతీరం: ఎర పట్టుకొచ్చిన తీరు నిజంగా బాగుంది. కానీ ‘శిలదే’ దగ్గర ఆటవెలదికి కావలసిన సూర్యగణం (గురువు-లఘువు, లేదా మూడు లఘువులు) పోయి సగణం (రెండు లఘువులు, ఒక గురువు) కూర్చుంది. దీర్ఘం తీసేయండి, ‘శిలది’ చాలు. ఇంత మంచి పద్యానికి ఆ ఒక్క అక్షరం మచ్చ కాకూడదు.

మిరపతోట: ‘శిలది’ సరే. రాతిచేప వీపున 13 విషపు ముళ్లుంటాయి కదా, మీ పద్యంలో ఒక్కటీ లేదేం? పాచి పట్టడం ఏ రాయికైనా ఉన్నదే.

కృష్ణాతీరం: ఆ ముళ్లు ఆత్మరక్షణకు, వేటకు కాదు. సమస్య అడిగింది మింగడం గురించి.

తెనాలి మాస్టారు: చిక్కు ఇచ్చిన పాదంలోనే ఉంది. పరిగె మంచినీటి చేప. పగడపు దిబ్బకు ఎలా చేరింది? పరిగె ఉన్నచోటే మాటువేసే చేప ఉండగా సముద్రం దాకా ఎందుకు?

చెరువు నాచు చాటు చేరిన కొరమీను
నల్లబండ వోలె నక్కియుండె
ఈదుకొనుచు దరికి నేగుదెంచినయంత
బండ నోరు తెరచి పరిగె మ్రింగె

నిర్వాహకుడు: మాస్టారి పూరణకే నా ఓటు. పరిగెను దాని నీళ్లలోనే ఉంచారు.

కృష్ణాతీరం: పద్యం బాగుంది. కానీ చేపకు చోటు అడిగిన మాస్టారు, కిందటి సమస్యకు రాసిన కొండవీటి పూరణలో మాఘమాసాన కుండపోత కురిపించారు. దానికి కాలం అడగవద్దా?

మిరపతోట: మాఘంలో వాన పడదని ఎవరన్నారు? కల్లాల్లో మిరపకాయ ఎండుతుంటే అర్ధరాత్రి టార్పాలిన్లు పట్టుకుని పరుగెత్తే మా ఊళ్లవాళ్లను అడగండి. మాస్టారి కొండవీటి పద్యంలో ఒక్క అక్షరం కూడా మార్చనక్కర్లేదు.