బడి ముందు మలుపు: భద్రతా ప్రణాళిక ఎలా తయారుచేయాలి?

మా వీధిలో బడి ముందే రోడ్డు మలుపు తిరుగుతుంది. అక్కడ నిలిపిన వాహనాల చాటు నుంచి పిల్లలు తొంగి చూస్తే గానీ వచ్చే బండి కనబడదు. నిన్న ఒక పాప చెప్పు రోడ్డు మధ్యలోనే వదిలేసి వెనక్కి పరుగెత్తింది. ఆ చెప్పు ఇంకా నా కళ్ల ముందే ఉంది.

ఇరుగుపొరుగు కలిసి ప్రణాళిక రాసి అధికారులకు ఇవ్వాలనుకుంటున్నాం. స్పీడ్ బ్రేకర్ ఒక్కటి చాలని కొందరంటున్నారు. నాకు ఆ నమ్మకం లేదు. వేగం రెట్టింపైతే బండి గతిశక్తి, అంటే కదలిక వల్ల దానికుండే శక్తి, నాలుగు రెట్లవుతుంది కదా! జనం, వాహనాలు కలిసి తిరిగే చోట గంటకు 30 కిలోమీటర్లు మించరాదని రోడ్డు భద్రతపై ప్రపంచ దేశాల మంత్రుల సదస్సు చేసిన 2020 స్టాక్‌హోమ్ ప్రకటన కూడా చెప్పింది. ఆ పరిమితితో పాటు మలుపులో పార్కింగ్ నిషేధం కావాలని నా పట్టుదల.

ఇలాంటి పని చేసినవారు దయచేసి చెప్పండి: వాహనాల వేగాన్ని మేమే ఎలా కొలవాలి? ఎన్ని రోజులు, ఏ వేళల్లో? అక్కడే బండి నిలుపుకునేవారిని మీరు ఎలా ఒప్పించారు?